హుద్‌హుద్ తర్వాత కొన్న సామాన్లు: ఏవి పనికొచ్చాయి, ఏవి దండగ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటినప్పుడు మా ఇంట్లో రెండు కొవ్వొత్తులు, సెల్లులు లేని ఒక టార్చి ఉన్నాయి. మా వీధికి కరెంటు తొమ్మిది రోజులకు వచ్చింది. ఆ కసితో తర్వాత కనపడిందల్లా కొన్నాను.

ముందు ఇన్వర్టర్. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు వేస్తే ఆరేడు గంటలు లాగేది. మామూలు కోతలకు బ్రహ్మాండం. తుపానుకైతే మొదటి రాత్రితో సరి, మళ్లీ ఛార్జి ఎక్కాలంటే కరెంటే రావాలి కదా! తర్వాత 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించా. అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తోంది. పెద్ద బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి.

శుద్ధ దండగ అంటే ఛార్జింగ్ ఎమర్జెన్సీ లైట్లే. బీరువా మీద పెట్టి మర్చిపోతాం, లోపలి లెడ్ బ్యాటరీ ఛార్జి లేక చచ్చిపోతుంది. మూడు కొన్నాను (మా ఆవిడ లెక్కలో నాలుగు). చేత్తో తిప్పే టార్చిదీ అదే కథ. తిప్పినంతసేపే వెలుగు. ఇప్పుడు తలకు కట్టుకునే లైటొకటి, పక్కనే విడిగా సెల్లులు. లోపలే ఉంచేస్తే కారిపోయి స్ప్రింగులు తుప్పుపడతాయి, ఒకటి అలాగే పోయింది. రెండు పెన్సిల్ సెల్లుల రేడియో కూడా ఉంచాను. ఫోన్లు మూగబోయినప్పుడు దాని విలువ తెలిసింది.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నుంచి ఫోన్‌కు చేరేది పన్నెండు, పదమూడు వేలే. నాలుగేళ్లకు పొట్ట ఉబ్బితే పారేసి ఇంకోటి కొన్నాను.

అన్నిటికంటే ఎక్కువ ఆదుకునేది మూత, కుళాయి ఉన్న 100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. అపార్ట్‌మెంట్లో మోటారు ఆడకపోతే నీళ్లుండవు. హుద్‌హుద్‌కు చేతిపంపు నుంచి మూడో అంతస్తుకు బకెట్లు మోశాం, నా నడుము ఇప్పటికీ ఒప్పుకోదు. తుపాను హెచ్చరిక రాగానే ముందు డ్రమ్ము నింపుతాను, తర్వాతే టీవీ. పది, యాభై నోట్లు కొన్ని డబ్బాలో ఉంచడం కూడా అప్పుడే అలవాటైంది. ఏటీఎంలు పనిచేయనప్పుడు చిల్లర లేక పాలప్యాకెట్ కోసం అప్పు అడిగాను.

సోలార్ ప్యానెల్ సంగతే తేలలేదు. మేడ అందరిదీ. రెండు మీటింగుల్లో అడిగాను, వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలన్న దగ్గరే ఆగింది.