లాడ్జి చెడగొట్టిన రాత్రి, హైదరాబాద్ కేబీఆర్ పార్కులో తెల్లారిన పొద్దు

"పార్కు పక్కనే సార్, నడిచినా ఐదు నిమిషాలు" అన్నాడు ఫోన్లో లాడ్జి కుర్రాడు. దిగాక చూస్తే ముప్పావుగంట నడక. గదికి రోజుకి 1,800. దుప్పటి ముక్కిపోయిన వాసన కొడుతోంది, మార్చమంటే 100 అదనం అన్నాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మా నాన్న రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నారు. ఈ గొడవతో బయల్దేరేసరికి ఆలస్యమై, ఆటోకి 160 పోసి పార్కుకి చేరితే గేటు మూసుంది. మధ్యాహ్నం పూట తియ్యరు. "ఇందుకేనట్రా తీసుకొచ్చింది?" అన్నారు నాన్న. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు చన్నీళ్లు పోసుకుని ఆరింటికల్లా గేటు దగ్గరున్నాం. మీరూ అలాగే వెళ్లండి, ఎండెక్కాక వెళ్లి లాభం లేదు.

జూబ్లీహిల్స్ నడిబొడ్డున ఇంత అడవి ఎలా మిగిలిందో తెలుసా? ఇది ఒకప్పుడు ఒక్క కుటుంబం ఆస్తి. ఏడో నిజాం కొడుకుని పక్కనబెట్టి మనవడు ముకర్రం జాని వారసుడిగా ఎంచుకున్నారు. 1967లో ఆయన పోయాక వారసత్వం మనవడికి దక్కింది. ఆ మనవడి చిరాన్ ప్యాలెస్ ఎస్టేటే ఇదంతా. 1998లో జాతీయ పార్కు చేసి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. ఆ మాట వినగానే "మన నరసరావుపేట వైపాయనే!" అని నాన్న ముఖం కాస్త విచ్చుకుంది. ప్యాలెస్‌లోకి మాత్రం మనల్ని పోనివ్వరు.

బండరాళ్ల మధ్య ఎర్రమట్టి బాట. పది అడుగుల దూరంలో నెమలి, తోక మట్టిలో ఈడ్చుకుంటూ, మమ్మల్ని లెక్కచేయకుండా బాట దాటింది. ఒక రాయి మీద కూర్చుని నాన్నకి మోటర్ ఖానా సంగతి చెప్పాను. ఎస్టేటులోనే కార్ల షెడ్లు, రిపేరు వర్క్‌షాపు, పెట్రోలు బంకు ఉండేవనీ, ముకర్రం జాకి ఇంజన్లంటే ప్రాణమనీ, తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఎస్టేటు కొని బుల్డోజర్లు తనే నడిపేవాడనీ.

"తనే నడిపేవాడా?" నాన్న నా వైపు తిరిగారు. రాత్రి నుంచీ అదే మొదటిసారి. ఆపైన వెనక్కి వెళ్దామంటే వద్దని, ఇంకో గంట నడిచారు.

గది ఖాళీ చేస్తుంటే బిల్లులో దుప్పటికి 100 ఉండనే ఉంది. నేను గొంతు పెంచబోతే, "పోనీలేరా, బస్సు టైమవుతోంది" అని నాన్నే జేబులోంచి తీసి ఇచ్చేశారు.