ఏటి ఒడ్డు: లీడర్ తైలవర్ణమా, ఫోస్టర్ నీటిరంగా?

విక్టోరియా కాలపు ఇంగ్లండ్ పల్లె, పక్కనే నెమ్మదిగా పారే ఏరు అనగానే నాకు ఇద్దరు చిత్రకారులు గుర్తొస్తారు. బెంజమిన్ విలియమ్స్ లీడర్ (1831–1923) ఎక్కువగా తైలవర్ణాల్లో గీశారు. మైల్స్ బిర్కెట్ ఫోస్టర్ (1825–1899) పేరు నీటిరంగులతో నిలిచింది.

లీడర్ వూస్టర్‌లో పుట్టారు. సాయంత్రపు వెలుగు, నిలకడ నీటిలో చెట్ల నీడలు ఆయన ప్రత్యేకత. 1883లో వేల్స్‌లోని లగ్వీ నది లోయను గీసిన చిత్రం లండన్‌లోని టేట్ చిత్రశాల సేకరణలో ఉంది. ఆయన బొమ్మల్లో మనుషులు చిన్నవాళ్లు, ప్రకృతే పెద్దది. దూరం నుంచి చూస్తేనే అందం.

ఫోస్టర్‌ది వేరే దారి. మొదట చెక్కమీద బొమ్మలు చెక్కడం నేర్చుకున్నారు, ఆ చెయ్యి చివరిదాకా వదల్లేదు. రంగులో నీళ్లు బాగా తగ్గించి, సన్నని కుంచెతో చుక్కచుక్కగా ఆకులూ గడ్డీ నింపేవారు. గట్టుమీద ఆడుకునే పిల్లల ముఖాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. పల్లె పేదరికం మాత్రం ఆ బొమ్మల్లో పెద్దగా కనపడదు, అది నాకు లోటే.

అయినా నా ఓటు ఫోస్టర్‌కే. లీడర్ ఏటిని చూస్తే మనసు కుదుటపడుతుంది, నిజమే. కానీ ఫోస్టర్ గట్టుమీద కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. అసలు చిత్రం కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: నీటిరంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి, కిటికీ ఎదురుగా వేలాడదీయకండి.