పాలసీ మార్చబోయి, గది అద్దె షరతు మార్పించుకున్నాను

నాకు 68 ఏళ్లు, మా ఇంటావిడకు 63. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో నలభై ఏళ్లు లెక్కలు రాసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక, వెనకాల ఏ కార్యాలయమూ బీమా కట్టదు. 2016లో గుండెకు ఒక స్టెంటు పడింది, షుగరు అంతకు ముందునుంచే ఉంది. ఈ రెండింటినీ దరఖాస్తులో రాసి 2019 ఫిబ్రవరిలో ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఆ మొత్తాన్ని ఇద్దరం పంచుకునే ఆరోగ్య బీమా, తీసుకున్నాను. ఏడేళ్లు కట్టిన ఆ పాలసీని వదిలి మరో కంపెనీకి వెళ్లాలా అని నిరుడు కార్తీక మాసం వెళ్లాక మొదలుపెట్టిన ఆలోచన సంక్రాంతి ముందు ఒక కొలిక్కి వచ్చింది. పాత పాలసీ గురించీ, నాకు చూపించిన కొత్త పాలసీ గురించీ నా అభిప్రాయం ఇది.

పాత పాలసీ మీద నాకు మనసు విరిగింది నిరుటి వానాకాలంలోనే. పిత్తాశయంలో రాళ్లకు రాజమహేంద్రవరంలో శస్త్రచికిత్స చేయించుకుంటే నాలుగు రోజులకు 1,68,000 బిల్లయింది. బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే క్యాష్‌లెస్ అనుమతి వేళకే వచ్చింది, ఆ విషయంలో వంక పెట్టను. తీరా ఇంటికి బయలుదేరేటప్పుడు మేము చేతినుంచి కట్టవలసింది 65,371 అన్నారు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు కూర్చుని విడదీస్తే సంగతి తేలింది. మా పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000. మేము తీసుకున్న గది 7,000. అద్దెలో తేడా 8,000 మాత్రమే పోతుందనుకున్నాను గాని, డాక్టరు ఫీజు, థియేటరు ఖర్చు వంటి 90,000 కూడా అదే నిష్పత్తిలో, ఏడింట ఐదు వంతులకు కుదించి లెక్కగట్టారు. మందులకూ పరీక్షలకూ ఈ కోత వర్తించదు కనుక ఆ 50,000లో బీమాకు రాని సామాగ్రి 6,000 మాత్రం పోయింది. మిగిలినదానిలో 20 శాతం కో-పే, అంటే క్లెయిములో మేము భరించవలసిన వంతు. గది షరతే లేకపోతే కో-పే కింద 32,400 పోయేది; ఆ షరతు వల్ల మొత్తం మీద అదనంగా పోయినది దాదాపు 27 వేలు. చేరేటప్పుడు ఆస్పత్రివారు గది తరగతి అడిగినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే రోజుకు రెండు వేలు తక్కువ గదిలోనే పడుకునేవాళ్లం.

ఈ కోపం మీద ఉండగా ఒక ఏజెంటు ఇంటికి వచ్చాడు. అతను చూపించిన కొత్త పాలసీ 10 లక్షలది, గది అద్దెకు పరిమితి లేదు, కో-పే లేదు, ప్రీమియం ఏడాదికి 74,000. కాగితం మీద నా పాత ప్రీమియం 48,380 అని రాసి, తేడా పాతికవేల పైచిలుకేనని చూపించాడు. వృత్తి అలవాటు కొద్దీ అంకెలు తిరగేశాను. 48,380 అన్నది నేను నిరుడు 18 శాతం జీఎస్టీతో కలిపి కట్టినది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకు ఆ పన్ను లేదు కనుక ఈసారి నేను కట్టవలసినది 41,000. అతని 74,000లో మాత్రం పన్ను ముందే తీసేసి ఉంది. అసలు తేడా 33,000. తెలియక చేశాడో తెలిసి చేశాడో గాని, "ఆయ్, షుగరు సంగతి రాయకపోయినా ఏం ఫర్వాలేదండి" అన్నప్పుడు నాకు అతని మీద నమ్మకం పూర్తిగా పోయింది. దాచిన జబ్బు క్లెయిము నాడు బయటపడితే నష్టపోయేది నేనే గాని అతను కాదు.

ఏజెంటును పక్కన పెట్టి, మా అబ్బాయి సాయంతో ఆ కంపెనీకే నేరుగా పోర్టింగుకు, అంటే పాత పాలసీ ఏళ్ల లెక్క పోకుండా కంపెనీ మారడానికి, దరఖాస్తు చేశాను. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు పెట్టుకోవాలన్న మాట ముందే విని ఉండడం మంచిదయింది. పోర్టింగులో పెద్దవాళ్లకు ఉన్న అసలు మేలు, పాత జబ్బులకు క్లెయిము ఇవ్వని నిరీక్షణ కాలంలో మనం గడిపేసిన ఏళ్లు కొత్త కంపెనీలోనూ లెక్కకు రావడం. అయితే అది పాత బీమా మొత్తం వరకే. నా విషయంలో 5 లక్షల వరకు గుండెకూ షుగరుకూ మొదటి రోజునుంచే రక్షణ ఉంటుంది, పైన పెంచిన 5 లక్షలకు మాత్రం మళ్లీ మూడేళ్లు ఆగాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిరీక్షణ గరిష్ఠంగా నాలుగేళ్లనుంచి మూడేళ్లకు తగ్గింది, ఆ మేరకు సంతోషమే. ఏ జబ్బుకు పెద్ద ఖర్చు వస్తుందని నేను భయపడుతున్నానో ఆ జబ్బుకే, 71 ఏళ్లు వచ్చేదాకా, ఆ పై 5 లక్షలు అక్కరకు రావు.

పైగా పోర్టింగు మన హక్కే అయినా, తీసుకోవడం తీసుకోకపోవడం కొత్త కంపెనీ ఇష్టం. వారు పరీక్షలు చేయించి, స్టెంటు కారణంగా 15 శాతం లోడింగు, అంటే అదనపు ప్రీమియం, వేస్తే ప్రీమియం 85,100కు చేరింది. పాతదానితో తేడా 44,100. నిరుటిలాంటి ఆపరేషను పదహారు నెలలకు ఒకటి చొప్పున జరిగితే తప్ప ఈ సొమ్ము గిట్టదు. అంత తరచుగా జరగాలని కోరుకునేవాడెవడు?

క్యాష్‌లెస్ ఆస్పత్రుల జాబితా విషయం విడిగా చెప్పాలి. కొత్త కంపెనీ వెబ్‌సైటులో అమలాపురం పేరు మీద రెండు ఆస్పత్రులు కనిపించాయి. నేను స్వయంగా వెళ్లి అక్కడి ఇన్సూరెన్సు కౌంటరులో అడిగితే, ఒకచోట ఆ కంపెనీతో ఒప్పందం ఎప్పుడో ముగిసిందన్నారు. మిగిలినవన్నీ రావులపాలెం దాటి రాజమహేంద్రవరంలోనో, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడలోనో ఉన్నాయి. రాత్రిపూట గుండెనొప్పి వచ్చినవాడికి ఈ దూరం చిన్న విషయం కాదు. మా పాత కంపెనీకి అమలాపురంలో మూడుచోట్ల క్యాష్‌లెస్ నడుస్తున్నది, అదీ అడిగి తెలుసుకున్నాను.

పాత కంపెనీ శాఖకు వెళ్లి, వెళ్లిపోదామనుకుంటున్నానని చెబితే, అక్కడి అమ్మాయి, ఎంతో ఓపికగా, అదే కంపెనీలో వేరే పాలసీకి మారవచ్చునని చెప్పింది. దీన్ని మైగ్రేషన్ అంటారట. ఏడేళ్ల పరిగణన అలాగే ఉంటుంది. గది అద్దె పరిమితి లేని 5 లక్షల పాలసీకి 49,600, కో-పే మాత్రం 20 శాతం అలాగే ఉంది. అంటే ఏడాదికి 8,600 అదనంగా కట్టి, నిరుడు నాకు 27 వేలు తగలేసిన షరతును తీసేయించుకున్నట్టు. నాకు అది నచ్చింది. ఇంకో రెండేళ్లకు 70 నిండితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు అర్హత వస్తుంది, ప్రైవేటు బీమా ఉన్నా దానికి అడ్డు లేదు. అది ఉండగా ఇప్పుడే ప్రీమియం రెట్టింపు చేసుకోవడం నాకు తెలివైన పనిగా తోచలేదు. ఇంకా అరవై దాటని, జబ్బులేవీ లేని మా బావమరిదికి మాత్రం ఆ కొత్త పాలసీయే మేలని చెప్పాను. అతనికి లోడింగు పడే కారణమేదీ లేదు, పైగా అతనిది భీమవరం కనుక మా అమలాపురం ఆస్పత్రుల ఇబ్బంది అతనికి లేదు.

పాత కంపెనీ పనితీరుకు పూర్తి మార్కులు ఇవ్వలేను. మైగ్రేషన్ తరువాత వచ్చిన పాలసీ పత్రంలో మొదటి బీమా తేదీ 2019కి బదులు 2026 అని అచ్చయింది. ఆ ఒక్క అంకె అలాగే ఉండిపోతే స్టెంటు మళ్లీ నిరీక్షణ కాలం కిందికి వచ్చేది. పాత పత్రాల నకళ్లు ఏడూ జతచేసి ఈమెయిలు పంపి, శాఖకు రెండుసార్లు తిరిగితే, తొమ్మిదో రోజున దిద్దిన పత్రం చేతికి వచ్చింది.