హెచ్చరిక: ‘రీకండిషన్డ్’ గేర్ కంప్యూటర్ కొనే ముందు మూత విప్పి చూడండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమండ్రి వైపు పాత ఆటోమేటిక్ కార్లు నడుపుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గేర్‌బాక్సును నడిపే కంప్యూటర్, అదే మెకానిక్‌లు టీసీఎం అంటారు, పాడైతే దాని బదులు ‘రీకండిషన్ చేసినది, వారంటీ ఉంది’ అని ఆన్‌లైన్‌లో అమ్మే బాక్సులు మన ప్రాంతానికి కొరియర్‌లో వస్తున్నాయి. పాత బాక్సు వాళ్లకు పంపేస్తే ధర తగ్గిస్తామంటారు. దయచేసి పాతది పంపకండి. ఎందుకో కింద ఉంది. అమ్మినవాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

అలాంటి ఒక బాక్సు మూత విప్పితే కనిపించినవి ఇవి. పైన మెరిసే కొత్త స్టిక్కరు. మూత చుట్టూ తెల్ల సిలికాన్, ముక్కు దగ్గర పెడితే వెనిగర్ వాసన. అది అద్దాలకూ సింకులకూ వాడే రకం. ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన పెట్టెలో అది రాగిని తింటుంది. లోపల రెండు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటు ఒడుదుడుకులు సర్దే, లోపల రసం ఉండే చిన్న డబ్బాలు) మార్చారు. కొత్తవాటి మీద తట్టుకునే వేడి 85 డిగ్రీలు అని అచ్చు వేసి ఉంది, మార్చకుండా వదిలేసిన కంపెనీ కెపాసిటర్ మీద 105 అని ఉంది. పాత కెపాసిటర్ నుంచి కారిన రసంతో నల్లబడిన రాగి గీతను శుభ్రం చేయకుండా దాని మీదే సోల్డర్ పోశారు. చుట్టూ గోధుమరంగు ఫ్లక్స్ జిగురు (టంకం అతకడానికి పూసేది) అలాగే గడ్డకట్టి ఉంది. పక్కన సోలినాయిడ్‌లను (గేర్లు మార్చడానికి ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వులను) నడిపే ట్రాన్సిస్టర్ మీది నంబరును ఉప్పు కాగితంతో అరగదీశారు. ఏ పార్టు వేశారో తర్వాత ఎవరూ కనుక్కోకూడదనే తప్ప ఆ పనికి వేరే కారణం లేదు.

ఇలాంటి బాక్సు పెట్టిన మొదటి రోజు కారు బాగానే నడుస్తుంది. అసలు మోసం అక్కడే దాగుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు, స్థూలంగా చెప్పాలంటే, వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సగమవుతుంది. 105 డిగ్రీల చోట 85ది వేస్తే, మిగతావన్నీ సమానమైనా, నాలుగో వంతు కాలమే వస్తుంది. మే నెల ఎండలో ఇంజన్ బేలో ఉన్న పెట్టెకు ఇది చిన్న తేడా కాదు. ఇక ఫ్లక్స్ జిగురు తేమ పీల్చుకుంటుంది. అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, ఉండి, ఆకివీడు చెరువుల మధ్య రాత్రంతా పట్టే తేమ దానికి తోడైతే, పక్కపక్క పిన్నుల మధ్య సన్నగా కరెంటు లీకవుతుంది. పొద్దున్నే గేరు పడదు, ఎండ ఎక్కాక పడుతుంది. ఇక ‘మీ గేర్‌బాక్సే పోయింది’ అనే కొత్త బేరం మొదలవుతుంది.

అసలు చాలా కార్లలో బోర్డు పోనే పోదు. స్కానర్ పెట్టి పీ0700 అనే ఫాల్ట్ కోడ్ చూపించి ‘కంప్యూటర్ పోయిందండి, మార్చేయడమే’ అంటే నమ్మకండి. పీ0700 అంటే ‘గేర్ కంప్యూటర్‌లో ఒక ఫాల్ట్ నమోదైంది, అక్కడ చూడు’ అని ఇంజన్ కంప్యూటర్ చెప్పడమే. అసలు కోడ్ గేర్ కంప్యూటర్ లోపల ఉంటుంది, దాన్ని చదివించండి. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0753 మొదటి షిఫ్ట్ సోలినాయిడ్ కరెంటు లైను. ఈ మూడింటికీ వైరింగ్, కనెక్టర్, సెన్సర్, సోలినాయిడ్ చూశాకే బోర్డు వంతు. పీ0601, పీ0605, పీ0613 లాంటివి వస్తే కంప్యూటర్ లోపలి భాగాన్ని అనుమానించవచ్చు. యూ0101 వస్తే గేర్ కంప్యూటర్ అసలు పలకడం లేదని అర్థం. అప్పుడు కూడా ముందు దాని ఫ్యూజు, పవర్, ఎర్త్ చూడాలి.

పది నిమిషాల మల్టీమీటర్ పని ఇది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గకూడదు, నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ నెగటివ్ పోల్‌కూ బాక్సు ఎర్త్ పిన్నుకూ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ముందు ఎర్త్ పాయింటు విప్పి గీకి బిగించండి. మన దగ్గర ఈ ఎర్త్ బోల్టులు పచ్చగా చిలుం పట్టి ఉండడం మామూలే. తర్వాత తాళంచెవి తీసేసి, బ్యాటరీ విప్పి, బాక్సు కనెక్టర్ ఊడదీసి, వైరు వైపు నుంచి ఒక్కో సోలినాయిడ్ ఓమ్స్ చూడండి. చల్లగా ఒకసారి, కారు బాగా తిరిగి వేడెక్కాక ఇంకోసారి. ఏ సోలినాయిడ్ పిన్నూ నేరుగా బాడీకి షార్ట్ కాకూడదు.

పాత మెర్సిడెస్ ఈ-క్లాస్, సీ-క్లాస్ కార్లలో వచ్చే 722.6 గేర్‌బాక్సు ఉన్నవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా చూసుకోవాలి. అందులో 13 పిన్నుల కనెక్టర్ గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. దాని ప్లాస్టిక్ బుష్ మీది ఓ-రింగులు ఎండిపోతే గేర్ ఆయిల్ వైరు తొడుగు లోపల రాగిపోగుల వెంట పాకుతూ పైనున్న కంప్యూటర్ దాకా వెళుతుంది. కారు రెండో గేరులో ఇరుక్కుపోతుంది. కంప్యూటర్ కనెక్టర్ ఊడదీసి టిష్యూ కాగితం అద్దండి, ఎర్రటి నూనె మరక వస్తే జబ్బు ఇదే. ఆ బుష్, అవసరమైతే లోపలి కండక్టర్ ప్లేటు (సెన్సర్లు, సోలినాయిడ్ లైన్లు ఉండే పలక) మార్చి, కనెక్టర్లు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు అదే కంప్యూటర్ మళ్లీ పనిచేస్తుంది. ఆ గేర్‌బాక్సులో చల్లగా ఉన్నప్పుడు షిఫ్ట్ సోలినాయిడ్‌లు సుమారు 3.8 ఓమ్స్, ప్రెషర్ సోలినాయిడ్‌లు సుమారు 5, లాకప్ సోలినాయిడ్ సుమారు 2.5 చూపాలి. రెండు స్పీడ్ సెన్సర్లకూ కంప్యూటర్ నుంచి 6 వోల్టులు వెళ్లాలి. ఇవేవీ కొలవకుండా బాక్సు అమ్మజూపితే తిప్పి పంపేయండి.

బోర్డే పోయిందని తేలితే మీ సొంత బోర్డునే రిపేరు చేయించండి. దాని మెమరీలో మీ కారు కోడింగ్, గేర్లు ఎలా మారాలో నేర్చుకున్న లెక్కలు ఉంటాయి. కొన్ని కార్లలో ఇమొబిలైజర్‌తో (దొంగతనం ఆపే ఎలక్ట్రానిక్ తాళంతో), ఛాసిస్ నంబరుతో ముడిపడి కూడా ఉంటుంది. పార్ట్ నంబరు కలిసినంత మాత్రాన వేరే కారు బాక్సు సరిపోదు. పాతది పంపేశాక కొత్తది పనిచేయకపోతే వెనక్కి తెచ్చుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

సరైన రిపేరు ఇలా ఉంటుంది. టంకం వేడి పెట్టకముందే మెమరీ చిప్‌ను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా ఒకటేనని చూసి, ఆ ఫైలు మీకు కూడా ఇవ్వాలి. పని చేసే చోట మాత్రమే బోర్డు మీది రక్షణ పూత తీయాలి. పెయింట్ థిన్నర్ వాడితే కనెక్టర్ ప్లాస్టిక్, మిగతా పూత దెబ్బతింటాయి. కెపాసిటర్ ఊడదీస్తున్నప్పుడు ఎండుచేప వాసన వస్తే రసం కారినట్టే. అప్పుడు కెపాసిటర్ మార్చి ఊరుకోకూడదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, బ్రష్‌తో కడిగి, దాని కింద నుంచి వెళ్లే ప్రతి రాగి గీతనూ, ఒక పొర నుంచి ఇంకో పొరకు దిగే రంధ్రాలనూ మల్టీమీటర్ బీప్ పెట్టి తెగాయేమో చూడాలి. తెగినచోట సన్న ఎనామెల్ వైరుతో జంపర్ వేయాలి. కొత్త కెపాసిటర్ మైక్రోఫారడ్ విలువ అదే, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, వేడి 105 లేదా 125 డిగ్రీలు, లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం కావాలి. కారు 14 వోల్టులదే కదా అని 16 వోల్టులది వేసేవాళ్లున్నారు. కంపెనీ 35 లేదా 50 వేసింది లైనులో వచ్చే పోట్లను తట్టుకోవడానికే.

కనెక్టర్ పిన్నులు, బరువైన పార్టుల కాళ్ల చుట్టూ డ్రై సోల్డర్ (పగిలి వదులైన టంకం) భూతద్దంలో సన్నని ఉంగరంలా కనిపిస్తుంది. పాత టంకం విక్‌తో (టంకం పీల్చే రాగి అల్లికతో) లాగేసి, 63/37 తగరం-సీసం టంకంతో కొత్తగా వేయాలి. హాట్ గన్‌తో బోర్డంతా కాల్చి ‘అతికింది’ అంటే అది మళ్లీ ఊడుతుంది. డ్రైవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే, దాన్ని చంపిన సోలినాయిడ్‌ను ముందు పట్టుకోవాలి, లేకపోతే కొత్తదీ మొదటి గేరుకే కాలుతుంది. పని అయ్యాక 1 ఆంపియర్ లిమిట్ పెట్టిన 13.5 వోల్టుల సప్లైతో వెలిగించి, 5 వోల్టుల లైను స్థిరంగా ఉందో లేదో చూసి, మళ్లీ పూత వేసి, వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్‌తో మూయాలి.

ఒక మినహాయింపు. మూత తీయగానే లోపల మెత్తని పారదర్శక జెల్, దాని కింద వెంట్రుకల్లాంటి సన్నని అల్యూమినియం తీగలు కనిపిస్తే వేలు కూడా పెట్టనివ్వకండి. అది సిరామిక్ బోర్డు. మామూలు టంకం దాని మీద పనిచేయదు.

2022 జూలై గోదావరి వరదల్లాంటి వాటిలో మునిగిన కార్లు తర్వాత ఎక్కడెక్కడికో అమ్ముడుపోతాయి. పాత ఆటోమేటిక్ కొంటుంటే కార్పెట్ ఎత్తి, సీటు బోల్టుల దగ్గర ఒండ్రు, కనెక్టర్లలో పచ్చ చిలుం ఉన్నాయేమో చూడండి. కొన్ని మోడళ్లలో గేర్ కంప్యూటర్ ఆ కార్పెట్ కిందే ఉంటుంది.

డబ్బు ఇచ్చే ముందు అడగాల్సినవి: మార్చిన పార్టుల పేర్లు, విలువలు రాసిన జీఎస్టీ బిల్లు, ఊడదీసిన పాత పార్టులు, పనికి ముందూ తర్వాతా తీసిన బోర్డు ఫోటోలు. ట్రయల్ షెడ్డు చుట్టూ తిప్పితే సరిపోదు. రావులపాలెం నుంచి రాజమండ్రి దాకా హైవే మీద లాగి, ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ గేర్‌బాక్సు బాగా వేడెక్కాక మళ్లీ కోడ్లు చదవాలి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అమ్మినవాడు హైదరాబాద్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. బాక్సును మళ్లీ ఎవరితోనూ ముట్టించకుండా, వచ్చిన కొరియర్ అట్టపెట్టెతో సహా దాచండి.