హైడ్రోకార్బన్ల పేర్లు నేర్పడానికి బంతులు, పుల్లల మోడల్ కిట్: కొన్నేళ్లు వాడాక

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే సమ్మేళనాల) పేర్లు చెప్పేటప్పుడు కొన్నేళ్లుగా ఈ ప్లాస్టిక్ కిట్టే వాడుతున్నాను. నల్ల బంతి కార్బన్, తెల్లది హైడ్రోజన్. నల్లదానికి నాలుగు రంధ్రాలు, వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలు. పొట్టి గట్టి పుల్లలు ఏకబంధాలకు, పొడవుగా వంగేవి ద్విబంధ, త్రిబంధాలకు.

పేరుకి ఆధారమైన అతి పొడవైన కార్బన్ల గొలుసు పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. నోటుబుక్కులో అడ్డంగా నాలుగు కార్బన్లు గీసి, ఎడమ నుంచి రెండోదాని కింద ఇథైల్ (రెండు కార్బన్ల కొమ్మ) వేస్తే చాలామంది 2-ఇథైల్‌బ్యుటేన్ అని రాసేస్తారు. అదే మోడల్ కట్టించి, ఇథైల్ చివరి కార్బన్‌నీ కుడి చివరి కార్బన్‌నీ పట్టుకుని లాగమనండి. ఐదు కార్బన్ల గొలుసు సాగి, నడిమి కార్బన్ మీద మిథైల్ (ఒక కార్బన్ కొమ్మ) మిగులుతుంది. పేరు 3-మిథైల్‌పెంటేన్. ఇంకో అణువుకి ఎవరైనా 4-మిథైల్‌పెంటేన్ అని రాస్తే మోడల్‌ని అటూ ఇటూ తిప్పి ఇస్తే చాలు, కొమ్మకి చిన్న అంకె వచ్చేలా రెండో చివర నుంచి లెక్కపెట్టి 2 అని వాళ్లే దిద్దుకుంటారు.

పూర్తి హెక్సేన్‌కి 6 నల్లవి, 14 తెల్లవి, 19 పుల్లలు పడతాయి. చిన్న కిట్లలో తెల్లవే ముందు అయిపోతాయి. అందుకే పేర్లు పెట్టడానికి హైడ్రోజన్లు వదిలేసి కార్బన్ల వరకే కట్టించండి. అలాగైతే హెక్సేన్ ఐసోమర్లు (అవే అణువులు, అమరిక వేరు) ఐదింటినీ 30 నల్ల బంతులు, 25 పుల్లలతో బల్ల మీద పక్కపక్కన పెట్టొచ్చు.

బ్యుట్-2-ఈన్‌కి (నాలుగు కార్బన్ల గొలుసు, నడుమ ద్విబంధం) మాత్రం హైడ్రోజన్లు కావాలి. రెండు వంగే పుల్లలతో కట్టిన ద్విబంధం తిరగదు, చివరి కార్బన్లు ఒకే వైపున్న సిస్‌ని ఎదురెదురు వైపులున్న ట్రాన్స్ చేయాలంటే పుల్ల పీకాల్సిందే. ఆ సంగతి చేతికి తెలిశాక మళ్లీ చెప్పక్కర్లేదు.

బెంజీన్‌కి దీన్ని వాడకండి. దాని ఆరు కార్బన్ల వలయంలో ఏకబంధం, ద్విబంధం వేర్వేరుగా కనిపిస్తాయి, నిజానికి ఆరు బంధాల పొడవూ 139 పికోమీటర్లే. ఈథీన్‌లో (ద్విబంధంతో కలిసిన రెండు కార్బన్లు) ఒకే కార్బన్‌కున్న హైడ్రోజన్ల మధ్య కోణం కూడా 117 డిగ్రీల దగ్గర ఉండాల్సింది, ఇక్కడ 109.5 దగ్గరే ఆగిపోతుంది. ఇథైల్ ముందా మిథైల్ ముందా అన్న అక్షరక్రమం ఎలాగూ కాగితం మీదే చెప్పాలి.

ముందుగా పాడయ్యేవి వంగే పుల్లలు. వంపు దగ్గర తెల్లబడి చీలతాయి, కాబట్టి క్లాసు అవగానే విప్పేయాలి. పుల్లను పక్కకి వంచి పీకితే రంధ్రం వదులై గొలుసు జారిపోతుంది. మెల్లగా తిప్పుతూ నేరుగా లాగాలి. కొనేటప్పుడే వంగే పుల్లలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి.