కడప బండే వేద్దామనుకున్నాను, కాళ్లు ఒప్పుకోలేదు

మాది ప్రొద్దుటూరు. పుట్టింట్లో వంటగట్టు, వసారా, చివరికి తులసికోట చుట్టూ అరుగు కూడా కడప బండే. అందుకే బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు దగ్గర మా ఇంటి పెరట్లో పిల్లలకోసం చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నప్పుడు, దాని అంచుకు ఇంకో రాయి గురించి ఆలోచించనే లేదు. కాంట్రాక్టరేమో "ట్రావర్టైన్ రాయి వేయండి మేడమ్, రిసార్టులా ఉంటుంది" అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన రేటు విని, ఆదివారం మా మేస్త్రీని కారెక్కించుకుని, రాళ్ల షాపులుండే జిగణికి పోయాను.

మూడు షాపులు తిరిగాం. నాకు కుదిరిన చోట చదరపు అడుగుకు చెప్పిన రేట్లు ఇవి: కడప 45 రూపాయలు, కోటా రాయి 75, మంటతో కాల్చి గరుకు చేసిన సాదరహళ్ళి గ్రానైట్ 140, ట్రావర్టైన్ 320. మా పూల్ 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. చుట్టూ అడుగు వెడల్పు అంచంటే మూలలతో 64 చదరపు అడుగులు, వేస్టేజీ కలిపి 70 అనుకున్నాం. కడపకు 3,150, సాదరహళ్ళికి 9,800. ఇంకేం, మన బండే అనుకున్నా.

"అమ్మా, ముక్కు గుండ్రం చేయొద్దా?" అన్నాడు మేస్త్రీ. బుల్‌నోస్ అన్నమాట, అంటే రాయి అంచును గుండ్రంగా అరగదీయడం. నీళ్ల వైపు అంచు 60 అడుగులు. కడపకు అడుగుకు 70 చొప్పున 4,200, అంటే రాయి కంటే ముక్కు ఖరీదు ఎక్కువ! గ్రానైట్ గట్టిది కాబట్టి 110 చొప్పున 6,600. పరిచే కూలి 5,400, బండి బాడుగ 2,500 దేనికైనా ఒకటే. అన్నీ కలిపితే కడప 15,250, సాదరహళ్ళి 24,300. రాయి ఖరీదులో మూడు రెట్లున్న తేడా మొత్తంలో రెండు రెట్లు కూడా లేదు.

అయినా మనసు కడప మీదే. సాంపిల్ ముక్కలు అడిగి తెచ్చి ఏప్రిల్ ఎండలో మిద్దె మీద పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పుల్లేకుండా ఒక్కోదాని మీద నిలబడ్డాను. నల్ల కడప మీద మూడు అంకెలు లెక్కపెట్టే లోపే దూకేశాను. కోటా పర్వాలేదు గానీ, నున్నటి ముక్క కదా, నీళ్లు పోస్తే మడమ జారింది. బూడిదరంగు సాదరహళ్ళి వేడిగానే ఉంది, నిలబడగలిగాను. తర్వాత అన్నిటి మీదా నిమ్మచెక్క పిండాను. కడప, కోటా రెండూ సున్నపురాళ్లే. రెండిటి మీదా పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడింది. పూల్ నీళ్లలో పీహెచ్ తగ్గించడానికి వేసే యాసిడ్ ఒలికితే ఇంతకంటే ఘోరం. గ్రానైట్ ఉలకలేదు. ట్రావర్టైన్ కూడా సున్నం జాతే. 22,400 రాయికే పెట్టి దానికి కాపలా కాయలేను. అందుకే చివరికి సాదరహళ్ళే తీసుకున్నాను.

ఇక షాపు సంగతి. రాయి మంచిదిచ్చారు, మందం ఎక్కడా తేడా లేదు. కానీ మూలల దగ్గర ఏటవాలుగా కోసే ఎనిమిది ముక్కల్లో నాలుగు ఎడమవి, నాలుగు కుడివి ఉండాలి. ఎనిమిదీ ఒకే వైపు కోసి పంపారు. ఫోన్ చేస్తే "తిప్పి వేసుకోండి మేడమ్" అన్నారు. కింది వైపు గరుకు ఉండదని రాళ్లమ్మే మనిషికి నేను చెప్పాల్సి వచ్చింది. చివరికి నాలుగూ మళ్లీ కోసిచ్చారు, డబ్బు అడగలేదు. ఆటో బాడుగ 900 మాత్రం నా నెత్తినే. గుండ్రటి ముక్కును కూడా కాల్చి గరుకు చేయడంతో మొదటిరోజే మావాడి మోచెయ్యి గీరుకుపోయింది. మేస్త్రీ పాలిష్ బిళ్లతో రెండురోజులు రుద్దాడు.

మళ్లీ ఆ షాపుకే వెళ్తానా అంటే వెళ్తాను. ఈసారి మూల ముక్కలను చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించాకే అడ్వాన్సు ఇస్తాను.