స్టార్ట్ కాని కారు, చేతిలో మల్టీమీటర్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మాన్యువల్ గేర్ల కారుకు వచ్చే స్టార్టింగ్ ఇబ్బందులను ఇంటి దగ్గరే చూసుకోవాలన్న ఉద్దేశంతో వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటర్ కొని ఎనిమిదేళ్లు దాటింది. జంపర్ కేబుళ్లు, చిన్న ఛార్జరు, స్పానర్లు కూడా నా దగ్గర ఉన్నాయి కానీ, బానెట్ ఎత్తగానే నేను ముందుగా అందుకునేది ఈ మీటరునే.

దీన్ని కొనడానికి ఒక అనవసరపు ఖర్చు కారణమైంది. ఒక రోజు తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయింది. చూసిన మెకానిక్ బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను, రెండు వారాలకే మళ్లీ అదే శబ్దం. చివరకు తేలిందేమిటంటే, గేర్‌బాక్సు నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి) బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. పాత బ్యాటరీలో ఏ లోపమూ లేదు. ఊహ మీద సామాను మార్చడం మానేసి, కొలిచిన తర్వాతే స్పానర్ పట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఎక్కువసార్లు కొలిచేది బ్యాటరీనే. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో 12.6 వోల్టులు కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగమే మిగిలినట్టు, 12 కన్నా తగ్గితే వెంటనే ఛార్జింగ్ పెట్టవలసినట్టు. బండి ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది కాబట్టి ఆ కొలతను నమ్మకూడదు. విశ్రాంతిలో 12.5 చూపిన బ్యాటరీ కూడా సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి లేపే స్టార్టర్ మోటారు) తిరిగేటప్పుడు కుప్పకూలవచ్చు. అందుకే ఇంకొకరిని తాళం తిప్పమని, ఆ క్షణంలో అంకె ఎంత వరకు పడుతుందో చూస్తాను. మరీ చలి లేని వాతావరణంలో అది 9.6 కన్నా దిగజారితే బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చాలా వరకు తన పని చేస్తున్నట్టే.

అయితే నా దృష్టిలో ఈ పరికరం అసలైన విలువ బ్యాటరీ దగ్గర లేదు, వైర్ల దగ్గర ఉంది. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద పొరపాటు, ఎర్త్ వైరు బాగుందో లేదో తెలుసుకోవడానికి మీటరును ఓమ్స్‌లో, అంటే నిరోధాన్ని కొలిచే అమరికలో పెట్టి చూడటం. అది సున్నాకు దగ్గరగా చూపించేది, నేను వైరు బాగుందనుకునేవాణ్ని. సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు 0.01 ఓమ్ అడ్డంకి కూడా ఒకటిన్నర వోల్టును మింగేస్తుంది, కానీ ఇలాంటి మీటరు అంత చిన్న నిరోధాన్ని నమ్మకంగా కొలవలేదు. కాబట్టి వోల్టేజీని, అదీ భారం పడుతున్నప్పుడే కొలవాలి. మీటరు తీగల మొనల్లో ఒకదాన్ని బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండవ దాన్ని ఇంజిన్ లోహం మీద శుభ్రమైన చోట ఆనించి, సెల్ఫ్ తిప్పుతున్నంతసేపు చూస్తే 0.2 వోల్టుకు మించకూడదు. పాజిటివ్ పోస్టుకూ సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకూ మధ్య 0.5 లోపల ఉండాలి. మొనను కేబుల్ బిగింపు మీద కాక బ్యాటరీ పోస్టు మీదే ఆనించడం ముఖ్యం, ఎందుకంటే తెల్లని పొడి, ఆకుపచ్చ చిలుము పేరుకునేది ఆ రెండింటి మధ్యనే. అలా దొరికిన చోట నెగటివ్ కేబుల్ ముందు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరిన తర్వాత గరుకు కాగితంతో రుద్ది, నెగటివ్‌ను చివరగా బిగిస్తే అయిదింట మూడు సందర్భాల్లో నా పని అక్కడితోనే ముగిసింది.

మాన్యువల్ కారుకే ప్రత్యేకమైన ఇబ్బంది క్లచ్ స్విచ్. చాలా కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కితే తప్ప సెల్ఫ్ తిరగదు. నా రెండవ కారు కొన్నిసార్లు వెంటనే అందుకునేది, కొన్నిసార్లు కనీసం ‘టక్’ మని కూడా అనేది కాదు. తాళం తిప్పినప్పుడు సోలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) చిన్న తీగ దగ్గర బ్యాటరీ వోల్టేజీ రావాలి, మీటరు సున్నా చూపింది. అంటే మోటారు నిర్దోషి, లోపం దానికన్నా ముందే ఉంది. పెడల్ పైభాగంలోని స్విచ్ ప్లగ్గును విప్పి, మీటరును కంటిన్యుటీలో (దారి కలిస్తే బీప్ ఇచ్చే అమరికలో) పెట్టి చూస్తే, వేలితో నొక్కినప్పుడు బీప్ వచ్చింది, పెడల్‌తో నొక్కినప్పుడు రాలేదు. పెడల్ వెనుక మ్యాటు ముడుచుకుపోయి, పెడల్ చివరి వరకు దిగడం లేదు! ఆ స్విచ్‌ను తీగతో శాశ్వతంగా కలిపేయమని కొందరు సలహా ఇస్తారు, నేను దానికి ఒప్పుకోను. గేరులో ఉన్న కారు తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది, ఎదుట ఎవరైనా ఉండవచ్చు. పరీక్షలు చేసేటప్పుడు కూడా న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చేత్తో గేరును అటూ ఇటూ కదిపి చూసుకునే తాళం తిప్పాలి.

ఇక మీటరులోని లోపాలు. నాది సెకనుకు రెండు మూడు సార్లే అంకెను మారుస్తుంది, అందువల్ల సెల్ఫ్ తిరిగిన మొదటి క్షణంలోని పతనం కంటికి చిక్కదు. కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉన్నది కొనవలసింది. మూడో ఏట ఒక మొన తీగ పిడి దగ్గర లోపలే తెగి, అంకెలు వచ్చిపోతుంటే కారునే అనుమానించి ఒక పూట వృథా చేశాను. ఒక ఉదయం ఆగి ఉన్న కారులో 13.4 కనిపించింది, అది అసాధ్యం కాబట్టి మీటరు సొంత బ్యాటరీ దిగిపోయిందని అర్థమైంది. రాత్రిపూట దొంగచాటుగా పోయే కరెంటును కొలవడానికి 10 ఆంపియర్ల రంధ్రంలో మొన పెట్టి, ఆ సంగతి మరచి తాళం తిప్పడంతో లోపలి ఫ్యూజు ఎగిరిపోయింది, ఆ తప్పు పూర్తిగా నాదే.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే ఈ మీటరు సహాయం పరిమితమే, ఇంధన పంపుకు కరెంటు వస్తోందా లేదా అన్నంత వరకే అది చెబుతుంది.

కొలతలన్నీ తేదీలతో ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నాను. నిరుడు ఎర్త్ వైపు 0.08 వోల్టు ఉన్నది ఈసారి 0.15 అయింది. కారు ఇంకా మొదటి తిప్పుకే అందుకుంటోంది కానీ, వచ్చే ఆదివారం ఆ బోల్టు విప్పి శుభ్రం చేస్తాను.